మెల్లన్న కాలు

ఏటి మీది పాత వంతెన నడుం విరిచిన వరద వచ్చిందే, ఆ వరద తీసిన మరుసటి ఏడు జరిగింది ఇది. వరద పోయింది గానీ వంతెన తిరిగి రాలేదు. ఎవరెవరో టోపీలు పెట్టుకుని వచ్చేవారు, టేపులు పట్టి కొలుచుకునేవారు, టీ తాగి పోయేవారు. ఏరు తన మానాన తాను పారుతూనే ఉండేది. బస్సు ఇవతలి గట్టు దాకా వచ్చి ఆగిపోయేది. అవతలికి పోవాలంటే పడవ ఎక్కాలి. పడవ ఎక్కలేనివాళ్ళకు కొండ చుట్టూ తిరిగిపోయే పాత రోడ్డు ఉంది. సొంత బండి ఉంటే అది పూట ప్రయాణం.

ఆ ఏడే మెల్లన్న కారు గుద్దాడు.

మెల్లన్న అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. అద్దాల షాపులో వ్యాను నడిపేవాడు కాబట్టి వచ్చిన పేరు. కిటికీ అద్దాలు, అల్మారా అద్దాలు, బట్టల షాపుల ముందు నిలువెత్తున పెట్టే అద్దాలు, అన్నీ అతని చేతి మీదుగా పోవలసిందే. అద్దాన్ని పడుకోబెట్టి తీసుకుపోకూడదు. పడుకోబెడితే తన బరువుకు తానే పగులుతుంది. వ్యానులో ఏటవాలుగా ఒక చెక్క చట్రం ఉంటుంది. దానికి అద్దాలను చేరగిలబెట్టి, అద్దానికీ అద్దానికీ నడుమ పాత దుప్పటి ముక్కలు పెట్టి, తాడు బిగించాలి. అక్కడి నుంచి అంతా డ్రైవరు కాలి మీద ఉంటుంది.

మెల్లన్న కాలు బ్రేకును ముందు తాకేది. తరవాత ఆనేది. ఆ తరవాతే నొక్కేది. బండి ఎప్పుడు ఆగిందో వెనకున్న అద్దానికి తెలిసేది కాదు. ఎక్కినవాళ్ళకీ తెలిసేది కాదు. ముప్పై ఏళ్ళలో ఒక్క పలక పగలలేదు. ‘మెల్లన్న బండిలో పెట్టిన అద్దం, అమ్మ ఒళ్ళో పెట్టిన పిల్ల’ అని షాపాయన ఊరంతా చెప్పుకునేవాడు.

మనిషి నోట్లో నాలుక లేనివాడు. ఇద్దరి మాటలూ ఇల్లాలే మాట్లాడేది. పిల్లలు లేరు. మేడ మీద రెండు గదులు, కింద మెట్ల చాటున ఒక పాత కారు. సెలవు రోజున ఆమె ముందు సీట్లో కూర్చునేది, అతను నడిపేవాడు. ఆమె దారి పొడుగునా కనిపించినదాన్నల్లా చదువుతూ పోయేది, బోర్డులూ, మనుషులూ, మబ్బులూ. అతను ఊ కొట్టేవాడు. ఆ సంసారం అలా నడిచింది.

ఆ రోజు దిండ్లు కొనుక్కుని వస్తున్నారు. వెనక సీట్లో దిండ్లు తప్ప మరేమీ లేదు. పగిలే వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదు. ముందు ఇటుకల లారీ పోతోంది. సందు మలుపులో అది ఉన్నట్టుండి ఆగింది.

మెల్లన్న కాలు బ్రేకు మీదికి పోకుండా లేదు, పోయింది. కానీ అద్దాల బండిలో పోయినట్టే పోయింది. తాకింది, ఆనింది, ఆ తరవాత నొక్కింది. అతను స్టీరింగు పక్కకు తిప్పేసరికి లారీ వెనక మూల ఆమె పక్క తలుపులోకి దిగిపోయింది.

ఆమెకు భుజం ఎముక విరిగింది, మోకాలు నుజ్జయింది. అతనికి చొక్కా గుండీ కూడా ఊడలేదు. అదే అతన్ని తిన్నది.

మెకానిక్కు కారు విప్పి చూసి, ‘బ్రేకులు నిక్షేపంలా ఉన్నాయి మెల్లన్నా, బండి తప్పేం లేదు’ అన్నాడు. ధైర్యం చెప్పాననుకున్నాడు పాపం. బండి తప్పు లేకపోతే మరి తప్పెవరిదో మెల్లన్న అడగలేదు. అతనికి తెలుసు. ఏ కాలిని చూసుకుని ముప్పై ఏళ్ళు మురిసిపోయాడో ఆ కాలే కొంప ముంచింది.

ఆస్పత్రి నుంచి ఆమెను ఇంటికి తేవడానికి లేకపోయింది. మేడ మెట్లు ఎక్కలేదు. ఏటి అవతల ఆమె చెల్లెలి ఇల్లు ఉంది, నేల మీది ఇల్లు, గడప కూడా ఎత్తు లేదు. ఆస్పత్రి బండిలోనే కొండ చుట్టూ తిప్పి ఆమెను అక్కడికి చేర్చారు. పడుకుని పోయింది. పైన తెల్లటి రేకు తప్ప దారిలో ఏమీ చూడలేదు.

మెల్లన్న ఒంటికాయ సొంటికొమ్ములా మేడ మీద మిగిలాడు.

ఇల్లు బావురుమనడం అంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. చప్పుడు లేకపోవడం కాదది. కుళాయి బొట్లు పడుతున్న చప్పుడు, పక్క ఇంటి వాళ్ళ కుర్చీలు జరిగే చప్పుడు, తన చెప్పుల చప్పుడు, ఇవన్నీ ఇంతకు ముందూ ఉన్నవే. వాటి మీద ఆమె మాట కప్పుకుని ఉండేది. ఇప్పుడు ఆ కప్పు తీసేసినట్టయింది. పొద్దున లేచాక సాయంత్రం దాకా అతని నోటి నుంచి వచ్చే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఒకనాడు టీ కొట్టువాడు ‘పంచదార వెయ్యనా?’ అని అడిగితే జవాబు చెప్పబోయి గొంతు పెగలక దగ్గాడు.

షాపులో వ్యాను తాళాలు ముట్టుకోనన్నాడు. షాపాయన బలవంతం చెయ్యలేదు. అద్దాలు తుడిచే పని ఇచ్చాడు. నీళ్ళు చల్లి, పాత న్యూస్‌పేపరు ఉండచుట్టి రుద్దాలి. అద్దం మెరిసేకొద్దీ అందులో మొహం తేరుకుంటుంది. రోజంతా తన మొహం తనకే ఎదురు. గోడ పొడుగునా చేరగిలబెట్టిన పలకల్లో పది మంది మెల్లన్నలు వరసగా నిలబడి తుడుస్తూ ఉండేవారు. పది మందిలో ఒక్కడూ పలకరించేవాడు కాదు.

వారం వారం బస్సెక్కి, గట్టు దగ్గర దిగి, పడవ దాటి భార్యను చూసి వచ్చేవాడు. మోకాలు కొంచెం కొంచెంగా వంగుతోంది. కర్ర పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడుస్తోంది. మెట్లు కూడా ఇక ఎక్కగలనంది. కానీ ఏటి గట్టు దిగి పడవలోకి కాలు పెట్టే పని ఆ మోకాలు చెయ్యలేదు. ఇల్లు చేరాలంటే కారు ఒక్కటే దారి.

‘ఏవయ్యా, కారు బాగయిందా?’ అని అడిగింది ఒక వారం.

‘అయింది.’

‘నడిపావా?’

మెల్లన్న నీళ్ళు నమిలాడు.

‘అవునో కాదో చెప్పు. నోట్లో ఆ నీళ్ళేమిటి?’

‘స్టార్టు చేశాను.’

‘స్టార్టు చేస్తే నేను ఇల్లు చేరతానా?’

మరదలు నవ్వు ఆపుకుంటూ టీ తెచ్చింది. ‘బావను అలా సతాయించకే అక్కా. మీ మరిది ఉన్నాడుగా, పొద్దున బయలుదేరితే సాయంత్రానికి నిన్ను మీ ఇంట్లో దింపి వస్తాడు.’

మరదలి మొగుడు పాల కేంద్రంలో వ్యాను నడుపుతాడు. అతనూ తలుపు దగ్గర నుంచి అందుకున్నాడు. ‘అవును వదినా, ఎన్నిసార్లు చెప్పాను నీకు? పాలు విరక్కుండా తెచ్చేవాణ్ణి, నిన్ను తేలేనా?’

‘పాలు మాట్లాడవు కాబట్టి నీతో వస్తాయి’ అంది ఆమె. తరవాత నవ్వు ఆపేసి భర్త వైపు చూస్తూ చెల్లెలితో చెప్పింది. ‘ఈయన సంగతి నీకు తెలీదు. ఇప్పుడు ఇంకెవరైనా నన్ను తెచ్చి దింపారనుకో, ఆ కారు గుడ్డ కప్పుకుని మెట్ల కింద పడుంటుంది. ఈయన జన్మలో మళ్ళీ స్టీరింగు పట్టడు. అద్దాలు తుడుచుకుంటూ ముసలివాడైపోతాడు. నేను వస్తే ఈయన నడిపే కారులో, ఈయన పక్కన కూర్చునే వస్తా.’

‘మరి బావ నడపకపోతే?’

‘నడపకపోతే నీ నెత్తి మీదే ఉంటా. మీ ఆయన కాఫీ బాగానే పెడతాడు.’

అందరూ నవ్వారు. మెల్లన్న గ్లాసు కింద పెట్టి లేచాడు. పడవలో ఒక్కడే ఉన్నాడు. పడవవాడు ఏదో అడిగాడు, మెల్లన్న ఊ అన్నాడు. అవతలి గట్టున వరండాలో ఆమె కర్ర పట్టుకుని నిలబడి ఉండటం చాలాసేపు కనపడింది. ఆ కర్ర పట్టుకున్న మనిషి తన మీద పందెం కాసింది. తాను గెలిస్తే ఆమె ఇంటికి వస్తుంది. ఓడితే ఆమె ఏటికి అవతల, తాను ఇవతల. అంతే లెక్క.

రోజూ పొద్దున షాపుకు పోయే ముందు కారు మీది గుడ్డ తీసేవాడు. ఎక్కి కూర్చునేవాడు. తాళం తిప్పేవాడు. ఇంజను గురగురమనేది. కాలు బ్రేకు మీద పెట్టగానే పిక్కలో వణుకు మొదలయ్యేది, జ్వరం వచ్చినవాడికి పళ్ళు కొట్టుకున్నట్టు. కాలు తీస్తే కారు కదులుతుంది. కదిలితే ఆపాలి. ఆపాల్సింది ఈ కాలే. ఇంజను కట్టేసి, దిగి, గుడ్డ కప్పి, నడిచి షాపుకు పోయేవాడు. పాలు తాగి నోరు కాల్చుకున్న పిల్లి మజ్జిగను కూడా ఊదుకుంటుందంటారు. మెల్లన్న మజ్జిగ గిన్నె దగ్గరికే పోలేకపోయాడు.

ఒకనాడు అలా కూర్చుని ఉండగా కిటికీ అద్దం మీద ఎవరో తట్టారు. షాపాయన. మనిషి పొట్టి, గొంతు పెద్దది.

‘ఏమయ్యా, రోజూ పూజ చేసినట్టు ఇందులో కూర్చుని లేస్తున్నావట. మెకానిక్కు చెప్పాడు.’

మెల్లన్న తల వంచుకున్నాడు.

‘నువ్వు లేవకపోతే నా వ్యాపారం లేవదు. ఆ కొత్త డ్రైవరు నిన్న బ్యూటీ పార్లరు అద్దం దింపాడు. దింపాడంటే ఏమనుకున్నావు, మూడు ముక్కలుగా దింపాడు. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఆ మూడు ముక్కల్లోనూ కనపడ్డాయి.’ కొంచెం ఆగి గొంతు తగ్గించాడు. ‘ఇంతకీ ఏమిటి నీ భయం? గుద్దుతావనా?’

మెల్లన్న ఇంజను కట్టేశాడు. తన మోకాలి మీద చెయ్యి వేసి, ‘ఇది గట్టిగా తొక్కదు’ అన్నాడు.

‘ఏమిటీ?’

‘తొక్కడం రాదు దీనికి. మెత్తగానే పోతుంది. ఆ రోజు వెనక దిండ్లున్నాయి. అద్దాలున్నట్టే ఆపింది.’

షాపాయన ఆ కాలి వైపు చూశాడు. ఆ కాలిని పెంచింది తాను కూడా. ముప్పై ఏళ్ళు దాన్ని పొగిడి పొగిడి, దానితోనే బతికాడు. వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

ఆ సెలవు రోజున మళ్ళీ వచ్చాడు. చంకలో, దుప్పటిలో చుట్టిన అద్దం పలకలు. బుడగలు పడి పనికిరాకుండా పోయినవి. కారు తాళాలు లాక్కుని, మెల్లన్నను పక్కన కూర్చోబెట్టుకోకుండా వెనక సీట్లోకి తోసి, తానే నడుపుకుంటూ ఊరి చివర ఆటల గ్రౌండుకు తీసుకుపోయాడు. వరద మేట వేసి, ఎండి, పెళుసుబారి ఉంది అది. గోల్‌పోస్టు మెడ దాకా మట్టిలో కూరుకుపోయింది. మనిషన్నవాడు లేడు.

షాపాయన డిక్కీ తెరిచి, ఒక చెక్కపెట్టెలో పలకను నిలబెట్టాడు. దుప్పటి పెట్టలేదు, తాడు కట్టలేదు.

‘ఇప్పుడు నువ్వు నడుపు. నేను ఆపమన్నప్పుడు ఆపు. అద్దం పగలాలి.’

మెల్లన్న అతని మొహంలోకి చూశాడు.

‘చూడకు. నా జన్మలో ఒక డ్రైవరును పిలిచి అద్దం పగలగొట్టవయ్యా అని బతిమాలుకుంటానని నేనూ అనుకోలేదు. ఎక్కు.’

ఎక్కాడు. కాలు వణికింది. షాపాయన పక్క సీట్లో కూర్చుని ముందుకే చూస్తూ, వణుకు చూడనట్టు నటించాడు. కారు నత్తలా కదిలింది. ఎండుమట్టి చక్రాల కింద అప్పడంలా విరిగింది. గోల్‌పోస్టు దగ్గర పడుతుండగా షాపాయన అరిచాడు.

‘ఆపు!’

కాలు తాకింది. ఆనింది. నొక్కింది. డిక్కీలో అద్దం చిన్నగా మూలిగి ఊరుకుంది.

‘భేష్’ అన్నాడు షాపాయన. ‘అద్దానికి నిద్ర కూడా చెడలేదు. మళ్ళీ.’

మళ్ళీ పోయారు. మళ్ళీ అంతే. మరోసారి. మరోసారి. ఎండ ఎక్కింది. షాపాయన గొంతు బొంగురుపోయింది. మెల్లన్న మొహం చెమటతో తడిసి ముద్దయింది. ‘నావల్ల కాదు’ అన్నాడు.

షాపాయన మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నాడు కాబట్టే గుచ్చుకుంది. ‘అద్దాలన్నీ క్షేమం మెల్లన్నా. నీ పెళ్ళాం ఒక్కతే పగిలింది.’

మెల్లన్న కారు తిప్పాడు. ఈసారి వేగంగా పోనిచ్చాడు. షాపాయన అరిచాడో లేదో కూడా వినలేదు. కాలు పైకి లేచి, రోకలి పోటులా పడింది. కారు ముక్కు నేలకు వంగింది, చక్రాలు కీచుమన్నాయి, వెనక డిక్కీలో ముప్పై ఏళ్ళుగా వినకుండా కాపాడుకున్న చప్పుడు ఒక్కసారిగా భళ్ళుమంది.

మట్టి దుమ్ము లేచి కారు చుట్టూ తిరిగి సద్దుమణిగింది. మెల్లన్న నుదురు స్టీరింగుకు ఆనించి అలాగే ఉండిపోయాడు. భుజాలు కదిలాయి. షాపాయన దిగి, డిక్కీ తెరిచి, గాజు ముక్కలను న్యూస్‌పేపరులోకి ఎత్తడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. ఒక్కొక్క ముక్కా ఏరాడు. ఆ తరవాత కిటికీ దగ్గరికి వచ్చాడు.

‘ఇంకా పలకలు ఉన్నాయి’ అన్నాడు.

అవన్నీ పగిలేదాకా ఆ గ్రౌండుకు పోతూనే ఉన్నారు. ఆ తరవాత సందుల్లో నడిపాడు మెల్లన్న. ఆ తరవాత పెద్ద రోడ్డు మీద. ఇటుకల లారీ కనపడితే ఒళ్ళు జలదరించేది, అయినా కాలు తన పని తాను చేసేది. అద్దాల వ్యాను తాళాలు ఇంకా పట్టలేదు. ‘ముందు ఆమెను తెచ్చుకుంటా’ అన్నాడు. షాపాయన సరేనన్నాడు.

ఒకనాడు తెల్లవారుతుండగా బయలుదేరాడు. కొండ చుట్టూ తిరిగే రోడ్డుకు వరద గాయాలు ఇంకా మానలేదు. ఒక పక్క రాతిగోడ, ఒక పక్క లోయ. దారిలో మనిషి కనపడడు, చెట్టూ రాయీ మబ్బూ తప్ప. పక్క సీటు ఖాళీగా ఉంది. ‘అదిగో చూడు, ఆ రాయి ముసలివాడి ముక్కులా లేదూ?’ అని చదివేవాళ్ళు లేక దారి మూగగా పోతోంది. మెల్లన్నే ఒకసారి నోరు తెరిచి, ‘మలుపు’ అని బయటికి అనుకున్నాడు. తన గొంతుకు తానే ఉలిక్కిపడ్డాడు.

ఒక మలుపు దాటగానే పొదలోంచి కుక్క అడ్డం వచ్చింది. ఆలోచించే వ్యవధి లేదు. కాలే ఆలోచించింది. కారు కీచుమని ఆగింది. కుక్క నడిరోడ్డున నిలబడి, ఇతన్ని ఎగాదిగా చూసి, తోక కూడా ఊపకుండా అవతలికి పోయింది. మెల్లన్న పక్కకు తిరిగాడు, ‘చూశావా, ఎలా ఆపానో’ అనబోయాడు. సీటు మీద ఎండ పడి ఉంది. మాట మింగేసి గేరు వేశాడు.

మధ్యాహ్నం దాటాక మరదలి ఇంటి ముందు కారు ఆగింది. కారులో వస్తానని కిందటి వారం చెప్పాడు కాబట్టి ఆమె వరండాలో తయారై కూర్చుని ఉంది, తల దువ్వుకుని, సంచి సర్దుకుని. చెల్లెలు గేటు దాకా పరిగెత్తింది. ‘అక్కా, బావ! ఒక్కడే! తనే నడుపుకుంటూ!’

‘నేను చెప్పలా?’ అంది ఆమె. కర్ర పట్టుకుని కారు దగ్గరికి వచ్చి, కొత్తగా వేసిన తలుపు మీద చెయ్యి పెట్టి నిమిరింది. ‘రంగు కలవలేదయ్యా. అతుకు వేసిన లంగాలా ఉంది.’

‘మళ్ళీ వేయిద్దాం.’

‘అబ్బో, రెండు మాటలు ఒకేసారి! దారిలో ఎవరైనా మంత్రం వేశారా?’

భోజనాలయ్యాయి. తోడల్లుడు సంచి వెనక సీట్లో పెట్టాడు. ఆమె మోకాలు పట్టుకుని, నెమ్మదిగా, తన సీట్లో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. మెల్లన్న తాళం తిప్పాడు. చెల్లెలు కళ్ళు ఒత్తుకుంది. కారు గేటు దాటింది.

ఆమె నోరు విప్పలేదు. ఎదురింటి అరుగు పోయింది, ఇస్త్రీ బండి పోయింది, బడి గోడ పోయింది, ఒక్కటీ చదవలేదు. మెల్లన్నకు తేడాగా అనిపించింది. ఓరగా చూశాడు. ఆమె రెండు చేతులతోనూ సీటు అంచు పట్టుకుని ఉంది. వేళ్ళు తెల్లబారాయి. వీధి చివర, ఎక్కడో దూరాన, ఇసుక లారీ ఒకటి ఆగి ఉంది.

‘ఆపు!’ అని అరిచింది. ‘ఆపవయ్యా, ఆపు!’

మెల్లన్న కాలు నేర్చుకున్నది చేసింది. రోకలి పోటులా పడింది. కారు ఉన్నచోట నిలిచింది. ఆమె ముందుకు తూలింది, బెల్టు అతుక్కున్న భుజాన్ని లాగి పట్టుకుంది. ఆమె పెట్టిన కేకకు ఇస్త్రీ చేసేవాడు పెట్టె వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

ఎముకకు ఏమీ కాలేదు. కానీ ఆమె దిగిపోయింది. బడి గోడకు వీపు ఆనించి నిలబడి, గాలి అందనట్టు పీల్చింది. మెల్లన్న ఎదురుగా నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

‘నీ తప్పు కాదు’ అంది కొంతసేపటికి. ‘ఆపమన్నాను, ఆపావు. బాగానే ఆపావు. లారీ ఎక్కడో ఉంది. నాకు మాత్రం మీద పడ్డట్టే కనపడింది.’

‘కాసేపు ఆగి పోదాం.’

‘రాలేనయ్యా.’ కొంగుతో మొహం తుడుచుకుంది. ‘ఇన్నాళ్ళూ నీకే భయం, నీకే భయం అని నలుగురిలో ఎత్తిపొడిచాను. నీ భయం చాటున నాదీ దాక్కుని ఉంది. నాకే తెలీలేదు.’

‘పోనీ నీ మరిది నడుపుతాడు.’

‘ఎవరు నడిపినా ఆ సీటు ఆ సీటే.’

ఇద్దరూ నడిచి వెనక్కి వచ్చారు. కర్ర ఒక పక్క, అతని భుజం ఒక పక్క. గేటు దగ్గర చెల్లెలు ఇద్దరి మొహాలూ చూసి తలుపు బార్లా తీసింది. తోడల్లుడు పోయి కారు తెచ్చి గోడ పక్కన పెట్టాడు. సంచి మళ్ళీ లోపలికి వచ్చింది. మరదలు వేడి నీళ్ళ కాపడం పెట్టింది. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

మెల్లన్న వరండాలో చాప వేసుకున్నాడు. పందెం ఆమె గెలిచింది, తానూ గెలిచాడు. గెలిచి ఆమె గదిలో, తాను వరండాలో ఉన్నారు. తాను పడిన భయానికి షాపాయన గ్రౌండు చూపించాడు, అద్దం ఇచ్చాడు, అరిచాడు. ఈమె భయానికి అలాంటిదేదీ లేదు. అసలు ఆ భయం ఎలా ఉంటుందో తనకు తెలియదు. తాను నడిపేవాడు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ స్టీరింగు వెనకే కూర్చున్నాడు. కారు కొన్న నాటి నుంచీ ఆ పక్క సీట్లో తాను ఒక్కనాడూ కూర్చోలేదు.

మర్నాడు పొద్దున తోడల్లుడు పళ్ళు తోముకుంటూ ఉండగా మెల్లన్న వచ్చి తాళాలు అతని చేతిలో పెట్టాడు.

‘నువ్వు నడుపు.’

‘ఎక్కడికి అన్నయ్యా?’

‘వీధి చివరి దాకా. నిన్న మేం పోయినట్టే.’

తోడల్లుడు మూతి కడుక్కుని ఎక్కాడు. మెల్లన్న అటువైపు తిరిగి వచ్చి, రంగు కలవని తలుపు తీసి, ఆమె సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. తోడల్లుడు నవ్వాడు. ‘దొరగారిలా ఉన్నావు అన్నయ్యా.’

కారు గేటు దాటింది. మెల్లన్నకు రోడ్డు కొత్తగా కనపడింది. రోడ్డు తన వైపే ఒరిగి వస్తోంది. అరుగు మోచేతి పక్క నుంచి పోయింది. ఇస్త్రీ బండి చెవి పక్క నుంచి పోయింది. బడి గోడ ఒంటి మీదికి వచ్చి, ఆఖరి క్షణాన పక్కకు తప్పుకుంది. చేతులు ఊరికే ఒళ్ళో పడి ఉన్నాయి, పట్టుకోవడానికి వాటికేమీ లేదు. వీధి చివర ఇసుక లారీ ఇంకా అక్కడే ఉంది. అది పెద్దదవుతోంది. పాలవ్యాను నడిపే మనిషి, తొందర అలవాటు, ఏదో కబురు చెబుతూ వేగం తగ్గించలేదు.

మెల్లన్న కుడికాలు దానంతట అదే ముందుకు పోయి బలంగా తొక్కింది. కాలి కింద నేల నేలలాగే ఉంది. కారు ఆగలేదు.

తోడల్లుడు తాపీగా లారీ పక్క నుంచి తిప్పి వెనక్కి మళ్ళించాడు. ‘ఏమిటన్నయ్యా, మొహం అలా అయిపోయింది? నేను నడిపింది బాగా లేదా?’

‘బాగానే ఉంది.’

గేటు దగ్గర ఆమె కర్ర పట్టుకుని నిలబడి ఉంది. చెల్లెలు చెప్పినట్టుంది. కారు ఆగగానే వంగి కిటికీలోంచి చూసింది.

‘ఏవయ్యా, నువ్వు అక్కడేం చేస్తున్నావు?’

మెల్లన్న నుదుటి చెమట మోచేత్తో తుడుచుకున్నాడు. కాలి వైపు చూసుకున్నాడు.

‘ఇక్కడ కాలికి ఏమీ దొరకదే.’

ఆమె కిటికీ అంచు మీద చెయ్యి వేసింది.

‘దొరకదు’ అంది.

మెల్లన్న తలుపు తియ్యలేదు. బెల్టు విప్పలేదు. తోడల్లుడి వైపు తిరిగి, ‘ఇంకో చుట్టు పోనీ తమ్ముడూ’ అన్నాడు.